బీరువా తాళం ఎవరి చేతిల ఉంది?

(ఇందల్వాయిలో తల్లిదండ్రులు, కార్యకర్తల ముందు చేసిన ప్రసంగ పాఠం)



భూమి గురించి మాట్లాడుతరని వచ్చినోళ్లు మీలో ఉన్నరు. బొందలగడ్డకు దారి లేదని అడగటానికి వచ్చినోళ్లు ఉన్నరు. అవి వదిలిపెట్టం. ఇయ్యాల మాత్రం ఒక ఇనుప బీరువా ముచ్చట చెప్పటానికి నిలబడ్డం. నవ్వకున్రి, వినున్రి.

ఈ మండలంలనే ఒక ప్రాథమిక పాఠశాలకు పోయినం. ఊరి పేరు చెప్పం. ఒక్క బడిని బజార్ల నిలబెట్టి తిట్టుడు మా పని కాదు, ఇట్లాంటి బళ్లు చానా ఉన్నయి. లైబ్రరీ ఉందా అంటే ఉందన్నరు. చూపెట్టమంటే తాళంచెవి దొరకలేదు. వెతకంగ వెతకంగ దొరికింది. తలుపు తీస్తే పై అరల పుస్తకాలు కొన్న నాడు ఎట్లున్నయో అట్లనే ఉన్నయి, ఒక్క పేజీ నలగలేదు. కింది అరల పుస్తకాలను మాత్రం చెదలు చదివినయి. మా ఎనుక నాలుగో తరగతి పిల్ల ఒకతి తొంగి చూసి మెల్లగ అడిగింది: “ఇవి మాకేనా?”

ఆ పిల్ల మన వాడ పిల్ల. నాలుగేండ్ల సంది ఆ బీరువా పక్కపొంటి కూసుంటున్నది.

సారును అడిగినం. ఆయన చెడ్డోడు కాదు. “పిల్లలు చింపుతరు, పోగొడుతరు, లెక్క నేను చెప్పాలె కదా” అన్నడు. ఆ మాటల నిజం కొంత ఉంది. పుస్తకం చినిగితే అడిగే అధికారి ఉన్నడు, పుస్తకం చదవకుంటే అడిగే అధికారి లేడు. అందుకే తాళం పడ్డది. ఇందులో ఇంకో మాట కూడ దాగి ఉంది. చింపుతరు అన్నప్పుడు ఎవరి పిల్లలు కళ్ల ముందుకొస్తున్నరు? ఇంట్ల అల్మారలు ఉన్నోళ్ల పిల్లలా, గుడిసెల పిల్లలా? బాబాసాహెబ్ చిన్నప్పుడు బడికి గోనెపట్ట ఇంటికాడి నుంచి తెచ్చుకొని దాని మీద కూసున్నడు. ఇయ్యాల గోనెపట్ట లేదు. అయినా ముట్టకు అన్న మాట పుస్తకం కాడ ఇంకా ఇనబడుతున్నది.

ఇది దానం అడిగే ముచ్చట కాదు. 2009ల వచ్చిన విద్యాహక్కు చట్టం షెడ్యూలు చూడున్రి. ప్రతి బడికి లైబ్రరీ ఉండాలె, అందుల వార్తాపత్రిక, మ్యాగజైన్లు, అన్ని సబ్జెక్టుల పుస్తకాలు, కథల పుస్తకాలు కూడ ఉండాలె అని రాసి ఉంది. 2010 ఏప్రిల్ 1 నుంచి అది అమల్ల ఉంది. అంతకు ముందు 1987ల ఆపరేషన్ బ్లాక్‌బోర్డు అన్నరు, రెండు గదులు, ఇద్దరు సార్లు, కొన్ని పుస్తకాలు అన్నరు. 2022ల వంద రోజుల పఠన కార్యక్రమం పెట్టిన్రు, అదే ఏడు ఆగస్టుల తొలిమెట్టు పెట్టిన్రు. మంచిదే, మేము కాదనం. కాని చదువుడు అంటే పోలియో చుక్కలు కాదు, ఒక దినం పెట్టి ఏసి పోవటానికి. వారం వారం సాగితేనే వస్తది.

ఇంతకు మన పిల్లగాడు చదువుతున్నడా లేదా అన్నది మనకెట్ల తెలుస్తది? తెలుగు వాచకం తెరిచి పాఠం చెప్పమంటే గడగడ చెప్తడు. మనం సంబురపడుతం. పేజీ మీద చెయ్యి అడ్డం పెట్టున్రి, అప్పుడు కూడ చెప్తడు! అది చదువుడు కాదు, బట్టీ. అదే పిల్లగానికి ఎన్నడు చూడని కథల పుస్తకం ఇయ్యున్రి. మొదటి ఒత్తు కాడనే ఆగిపోతడు. అందుకే లైబ్రరీ ఆటవిడుపు కాదు అంటున్నం. పాఠ్యపుస్తకం దాచిపెట్టిన సంగతిని కథల పుస్తకం బయటపెడతది. లైబ్రరీ పీరియడ్‌ను లెక్కల పీరియడ్ మింగితే, ఊకె ఒక పీరియడ్ పోయిందని మనం అనుకుంటం. పోయేది చదువే.

మరి ఆ పీరియడ్‌ల ఏం చెయ్యాలె? దీనికి పెద్ద విద్య అక్కరలేదు. రూమ్ టు రీడ్ లాంటి సంస్థలు బళ్లల్ల చేయించే పద్ధతులు నాలుగున్నయి. మొదటిది, టీచరు బిగ్గరగ చదువుడు. ముందు అట్ట మీది బొమ్మ చూపెట్టి ఏం కథ అయ్యుంటదో పిల్లలనే అడగాలె. తర్వాత గొంతు మార్చుకుంట, పులి కాడ పులి తీరు, ముసలమ్మ కాడ ముసలమ్మ తీరు చదవాలె. నడుమల ఆపి, ఇప్పుడేమైతదిరా అని అడగాలె. రెండోది, పెద్ద అచ్చరాల పుస్తకం నిలబెట్టి, అచ్చరం కింద వేలు జరుపుకుంట అందరు కలిసి చదువుడు. మూడోది జంట చదువుడు, వచ్చినోడు రానోని పక్కన కూసుంటడు. నాలుగోది, ఎవరికి నచ్చిన పుస్తకం వాళ్లు తీసుకొని ఒక్కరే చదువుడు. చదివినంక బొమ్మ గీసినా సరే, కథ తిప్పి చెప్పినా సరే, నలుగురు కలిసి నాటకం ఆడినా సరే.

ఐదు తరగతులకు ఇద్దరే సార్లు ఉన్న కాడ ఇదంత అయితదా అంటరు. అయితది. ఒకటి రెండు తరగతులను ఒక కాడ, మూడు నాలుగు ఐదు తరగతులను ఇంకో కాడ కూసోబెట్టున్రి. చిన్నోళ్లకు చదివి వినిపించున్రి, ఆ సేపు పెద్దోళ్లు జంటలల్ల చదువుకుంటరు. తెల్లారి తిరగేయున్రి. పుస్తకాలు బీరువాల కాదు, పిల్లగాని చెయ్యి అందేంత ఎత్తుల, అట్టలు కనబడేటట్టు తాడు కట్టి ఏలాడదీయున్రి.

ఇక్కడ ఒక హెచ్చరిక. పుస్తకాల మీద రంగు చుక్కలు పెడుతరు. ఆకుపచ్చ అంటే తేలిక, తర్వాత ఎరుపు, నారింజ, తెలుపు, నీలం, పసుపు. పద్ధతి మంచిది, పిల్లగానికి తన మెట్టు దొరుకుతది. కాని ఆ చుక్క పుస్తకం మీదనే ఉండాలె, పిల్లగాని నొసట పెట్టొద్దు. “వాడు ఆకుపచ్చోడు” అని తరగతిల ఒక పిల్ల అనంగ మేము చెవులార విన్నం. ఆ ఆకుపచ్చోళ్లంత ఒక్క మూలకు కూసున్నరు. ఆ మూల ఏ వాడ పిల్లలదో మీకు చెప్పాల్నా? పాత గోనెపట్టనే రంగేసి మళ్ల పరుస్తే మనం ఊకోం.

భాష సంగతి కూడ చెప్పాలె. పిల్ల కథ తిప్పి చెప్పుకుంట “అమ్మ కైకిలికి పోయింది” అంటది. “కూలికి వెళ్లింది అనాలి” అని నడుమల ఆపితే ఆ పిల్ల ఇగ నోరు తెరవది. ముందు కథ మొత్తం చెప్పనియ్యాలె. కైకిలి అన్న మాట కూడ బోర్డు మీద రాయాలె, కూలి అన్నది దాని పక్కన రాయాలె. ఇంట్ల మాట నల్లబోర్డు మీద చూసిన పిల్లకు బడి తనది అనిపిస్తది. పుస్తకాలు కూడ అట్లాంటివి కావాలె. రాజులు, మునుల కథలే ఎన్నని చదువుతరు? హైదరాబాదుల అన్వేషి సంస్థ గోగు శ్యామల, మహమ్మద్ ఖదీర్‌బాబు, గోపిని కరుణాకర్ లాంటోళ్ల కథలతోని పిల్లల పుస్తకాలు తెచ్చింది. తలకాయ కూర మీద కూడ కథ ఉంది అందుల. మన ఇంట్ల ఉడికే కూర పుస్తకంల చూసిన పిల్లగాడు ఆ పేజీ కాడ ఎట్ల ఆగుతడో ఒకసారి కూసొని చూడున్రి.

ఇది కొత్త ఆలోచన అనుకోకున్రి. భాగ్యరెడ్డివర్మ 1910ల హైదరాబాదుల మన పిల్లల కోసం బళ్లు మొదలుపెట్టిండు. సర్కారు అడగలేదు, ఊరు అడగలేదు. తెలుగుల చెప్పించిండు. అవి పెరిగి పెరిగి ఇరవై దాటినయి. ఆయనకు బీరువా కూడ లేకుండె.

ఇగ మన ఇంటి ముచ్చట. ఈ జిల్లాల తల్లులు చేటల తంబాకు పెట్టుకొని బీడీలు చుడతరు. పొద్దుగూకితే ఆకు కత్తిరించటానికి పిల్ల చేతులు కావాలె. తండ్రి దుబాయిల, మస్కట్‌ల ఉంటడు. ఆకు కత్తిరియ్యకున్రి అని సభల చెప్పి పోవుడు మాకు అల్కనే. వెయ్యి బీడీల లెక్క కాడ కూసున్న తల్లికి అల్కన కాదు. మేము ఒక్కటే అడుగుతున్నం. ఆ పూట అరగంట కత్తెర పక్కన పెట్టి, తెచ్చిన పుస్తకం పిల్ల చదవాలె, తల్లి చుట్టుకుంటనే వినాలె. తల్లికి చదువు రాకున్నా ఫరకు లేదు. ఒక ఇంట్ల ఇట్ల చదువుతుంటే తల్లి మధ్యల ఆపి “ఆ ముసలామె అన్నం తిన్నదా లేదా, అది చెప్పలేదు కదనే” అన్నది. పిల్ల ఎనుక పేజీలు తిరగేసి వెతికింది. దొరికిందాక వెతికింది. ఆ తల్లి అడిగినట్టు అడిగేటోళ్లు బళ్లల్ల కూడ తక్కువ.

మన పక్కనే డిచ్‌పల్లిల 2006ల తెలంగాణ యూనివర్సిటీ వచ్చింది. ఇక్కడి నుంచి బస్సెక్కితే ఎంత సేపు? అయినా మూడో తరగతిల కథ చదవరాని పిల్లకు ఆ గేటు దుబాయి కంటె దూరం.

చేయాల్సింది చెప్తం. విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ ప్రకారం బడి యాజమాన్య కమిటీల నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలె, సగం మంది ఆడోళ్లు ఉండాలె, మన వాడలోళ్లకు మన పిల్లల లెక్క ప్రకారం చోటు ఉండాలె. 2024ల వచ్చిన అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలల్ల సంఘం ఆడోళ్లే ఉన్నరు. గోడలకు సున్నం, నల్లా రిపేరు అడుగుతున్నరు, మంచిది. దాంతో పాటు పుస్తకాల రిజిస్టరు కూడ అడగున్రి. ఎన్ని పుస్తకాలు ఉన్నయని కాదు, ఈ వారం ఎవరు తీసుకపోయిన్రని అడగున్రి. ఏ పేరు కింద ఖాళీగ ఉందో చూడున్రి. ఖాళీలన్ని ఒక్క వాడ పేర్ల కాడనే ఉంటే సారుతోని కూసొని మాట్లాడున్రి, కొట్లాటకు పోకున్రి. పుస్తకం చినిగితే ఆయన జీతం మీద పడకుండ మనమే జిమ్మ తీసుకుంటున్నమని కాయితం రాసి ఇయ్యున్రి. తాళం తీయించటానికి అంతకంటె దగ్గరి తొవ్వ మాకు దొరకలేదు.

వాల్‌పోస్టర్లు అతికేటందుకు లై ఉడకబెట్టినోళ్లం మనం, చినిగిన పేజీ అతుకుడు మనకొక పని కాదు. వచ్చే శనివారం రెండో పూట మేము ఆ బడి కాడికి పోతున్నం, సారుతోని మాట అయ్యింది. చెదలు తినంగ మిగిలిన పుస్తకాలు ఎండల పెట్టేది ఉంది, అతికేది ఉంది. లై మేము ఉడకబెట్టుకొస్తం. మీరు పాత బట్టపీలికలు, దబ్బనం, దారం తీసుకొని రాన్రి. పిల్లలను ఇంటికాడ విడిచి రాకున్రి.