ఒకరి ఆట ఆగితే ఇద్దరిదీ ఆగుతుంది

(మహిళా సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



కాలేజీ రోజుల్లో నేను బ్యాడ్మింటన్ డబుల్స్ ఆడేదాన్ని. నా జోడీ నెట్ దగ్గర, నేను వెనక. ఆమె తెలివిగా ఆడి ఎదుటివాళ్లు షటిల్‌ను పైకి లేపక తప్పని స్థితి తెచ్చేది. నేను స్మాష్ కొట్టేదాన్ని. చప్పట్లు మాత్రం నాకే!

డిగ్రీ రెండో ఏట ఆమెకు పెళ్లి చేశారు. మరో జోడీ దొరక్క నా ఆటా ముగిసింది. ఆ పెళ్లి ఆమెకు ఇష్టమేనా అని ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

హైదరాబాదులో ఎదిగిన గుత్తా జ్వాల, కర్ణాటకకు చెందిన అశ్విని పొన్నప్ప కలిసి 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో స్వర్ణం, 2011 ప్రపంచ పోటీల్లో కాంస్యం గెలిచారు. మహిళల డబుల్స్‌లో ఆ రెండూ మన దేశానికి మొదటివి. 2013లో ఒక లీగ్ వివాదంపై జ్వాలను జీవితాంతం నిషేధించాలని క్రమశిక్షణ కమిటీ సిఫారసు చేసింది. అది అమలైతే అశ్విని కూడా జోడీని పోగొట్టుకునేది. జ్వాల ఢిల్లీ హైకోర్టుకు వెళ్లి ఆడే అవకాశం సాధించుకుంది. 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో ఆ ఇద్దరే రజతం తెచ్చారు.

హైకోర్టు దాకా వెళ్లే స్తోమత మన ఊరి ఆడపిల్లలకు ఎక్కడిది? మైదానానికి రావడం మానేసిన పిల్ల ఇంటికి వెళ్లి, "అమ్మా, ఎందుకు రావడం లేదు?" అని అడిగేవాళ్లు కావాలి. ఆనాడు నేను చేయని ఆ పని ఈనాడు మన సంఘాలు చేయాలి.