పెరటి కోడికి పరిచర్య



రజతోత్సవ సభలో కోడిపెట్టను గూర్చి ప్రసంగమా యని కొందరు నవ్వుకొనుచుండవచ్చును. నవ్వుట తప్పు కాదు. మన వాఙ్మయము పుంజునకిచ్చిన గౌరవము పెట్టకు ఇయ్యలేదు. పుంజు కుమారస్వామి ధ్వజము నెక్కినది. పల్నాటి కథలో కోడిపందెమున ఓడిన బ్రహ్మనాయుడు తనవారితో మాచెర్లను విడిచి యేడేండ్లు వలసపోవలసి వచ్చెను. క్రీడాభిరామములోని ఓరుగంటి కోడిపందెము నేటికిని చదువరుల కన్నులకు గట్టును. చాణక్యుని పేర వాడుకలోనున్న నీతులలో కోడినుండి నరుడు నాలుగు గుణములు నేర్వవలె నని యున్నది. వేకువనే మేల్కొనుట వానిలో నొకటి. దొరికినదానిని తనవారితో పంచుకొని తినుట మరియొకటి. ఈ రెండవ గుణము పుంజునకంటె పెట్టకే యెక్కువ యని పెరడు గల యే యిల్లాలిని అడిగినను చెప్పును. అయినను ఆ పెట్ట జబ్బుపడినప్పుడు ఏమి చేయవలెనో కావ్యములు చెప్పలేదు. కనుక ఆ మాట యీ పూట చెప్పుకొనుట యుక్తము.

పేదయింట కోడిపెట్ట ఇల్లాలి పొదుపుపెట్టె వంటిది. నాటుపెట్ట ఏడాదికి 50, 60 గుడ్లకు మించి పెట్టుట యరుదు. వానిలో కొన్నింటిని పొదిగి 21 దినములకు పిల్లలను లేపును. ఆ గుడ్ల సొమ్ము మగనికి లెక్క చెప్పవలసినది కాదు, కొడుకును అడుగవలసినది కాదు. ఉప్పునకు, పలకకు, పండుగనాటి గాజులకు అదియే యాధారము. గ్రామపు లెక్కలలో భూమికి పద్దున్నది, చెట్టునకు పద్దున్నది. పెరటి కోడి మాత్రము పశుగణన నాడు తప్ప ఏ కాగితమునకును ఎక్కదు. అది చచ్చిననాడు ఇంటిలో ఎంత లోటు పడెనో ఆ యిల్లాలికి తప్ప తెలియదు.

ఒక మెట్ట గ్రామమున జరిగిన సంగతి యిది. వానలు వెనుకబట్టి దోమలు ముసరు దినములు. ఒక అవ్వ, కోడలు, బడికి పోవు మనుమడు, ఇంతే ఆ కుటుంబము. కొడుకు పని వెదకికొని పట్టణము పోయియుండెను. ఇంట ఎఱ్ఱపెట్ట యొకటి, దాని వెంట నెలనాటి పిల్లలు ఏడు. ఒక ఉదయమున పెట్ట జుట్టుమీద ఆవగింజలంత బూడిదరంగు పొక్కులు కనబడినవి. నాలుగు దినములలో అవి ముదిరి నల్లబడి ఉలిపిరికాయలవలె ఆయెను. తమ్మెలకు ప్రాకెను, పిదప కనుఱెప్పలకు దిగెను. మొదట ఎడమకన్ను మూతబడినది, పిమ్మట కుడికన్ను మూతబడినది. పెట్ట గంప ప్రక్కన ఈకలు విప్పుకొని కదలక నిలిచియుండెను. ఇరుగుపొరుగువారు అమ్మవారు పోసినదని చేతులు జోడించి తొలగిపోయిరి.

ఆనాడే కోళ్ల బేరగాడు సైకిలుమీద వచ్చెను. పెట్టను చూచి, "అవ్వా, రేపటికి ఇది ఉండదు. ఇవాళైతే సగం ధరకు తీసుకుంటా" అనెను. కోడలు కూడ, "ఇచ్చేద్దాం అత్తా, చచ్చాక ఎవరిస్తారు?" అనెను. ఆమెను నిందింపరాదు. ఇంటిలో ఉప్పు నిండుకొన్నది; పిల్లవాని పుస్తకములకు డబ్బు కట్టవలసియున్నది.

అవ్వ మారుమాటాడక పెట్టను ఒడిలోనికి తీసికొని మెడక్రింది మేతసంచి తడిమి చూచెను. అది ఖాళీ సంచివలె జాఱి యున్నది. రొమ్మెముక కత్తివాదరవలె చేతికి తగిలెను. అవ్వ అన్నది: "దీనికి జబ్బు కాదర్రా, ఆకలి. కళ్లు కనపడక తినలేదు." ఆ బేరగానికి చెంబెడు మజ్జిగ యిచ్చి పంపివేసెను.

ఈ ప్రసంగమంతకు ఆ మాటయే ప్రాణము. ఈ రోగమునకు కోడి మశూచి యని పేరు. చర్మమునకు మాత్రమే వచ్చినచో అది సాధారణముగ మూడు నాలుగు వారములలో తనంత తానే మానిపోవును. కాని గ్రుడ్డిదైన కోడి అన్ని దినములు ఆహారము లేక ఎట్లు బ్రతుకును? గింజ ముందున్నను కనబడదు, నీరు ప్రక్కనున్నను తెలియదు. కావున మశూచి సోకిన కోళ్లలో అనేకములు పొక్కులచేత గాక పస్తుచేత చచ్చుచున్నవి. రోగమును మాన్పు మందు లేదనుట నిజము. అందుచేత చేయదగినది లేదనుట మాత్రము అబద్ధము.

మనుమడు గ్రామ గ్రంథాలయమునుండి కోళ్ల పెంపకమును గూర్చిన చిన్న పుస్తకము తెచ్చి అవ్వకు చదివి వినిపించెను. అందు మొట్టమొదట కనబడినది హెచ్చరిక. ఆ హెచ్చరిక యిచ్చట గూడ చెప్పక తప్పదు. కొక్కెర తెగులు వేరు, మశూచి వేరు. కొక్కెర తెగులులో కోడి నోరు తెఱచి ఎగరోజును, పచ్చగనో తెల్లగనో పారుకొనును, మెడ మెలితిరుగును, కాళ్లు రెక్కలు పడిపోవును. నాలుగైదు దినములలో వాడయంతయు ఊడ్చుకొని పోవును. 1926లో ఇంగ్లండులోని న్యూకాసిల్‌లో గుర్తింపబడినందున దానికి ఆ యూరి పేరు వచ్చినది. మన దేశమున కుమావూ కొండలలోని రాణీఖేత్‌లో కనబడినందున ఇచ్చటివారు రాణీఖేత్ వ్యాధి యనిరి. దానికి టీకా గలదు గాని, వచ్చిన పిదప పరిచర్య పనికిరాదు. అట్టి కోడిని సంతకు తీసికొనిపోవుట పొరుగూరికి తెగులును మోసికొనిపోవుటయే. సగము ధరకు వచ్చినదే లాభమనుకొనువారు ఆ రెండవ సగమును ఎవరు చెల్లించుచున్నారో ఆలోచింపరు. ఇక కోళ్లు ఒక్కుమ్మడిగ, ఏ పొక్కును లేకయే, గుంపులుగ చచ్చినచో వానిని చేతితో ముట్టరాదు. పశువైద్యశాలకు కబురు పంపవలెను. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాలకు పక్షి జ్వరము వచ్చినప్పటి కలవరము చాలమందికి జ్ఞాపకముండును.

అవ్వ పెట్ట మెడ చూచెను, రెట్ట చూచెను, నోరు తెఱచి చూచెను. మెడ తిన్నగ నున్నది. గొంతులో పసుపుపచ్చని పొర లేదు. ఆ పొర గట్టు మశూచి మిక్కిలి చెడ్డది, ఊపిరాడనీయదు. ఉన్నవి పైపొక్కులే యని తేలినది.

ఈ మశూచి మనుష్యులకు సోకదు. ఆటలమ్మకు ఆంగ్లమున చికెన్ పాక్స్ అని పేరున్నను దానికిని కోడికిని చుట్టరికము లేదు. కోడి మశూచికి చుట్టము, 1980లో లోకమునుండి తొలగిపోయినదని ప్రకటింపబడిన మన పెద్దమ్మవారే. ఆ కుటుంబములోని వైరసే కోడికిని వచ్చును. దోమ యొక కోడిని కుట్టి వేఱొకదానిని కుట్టుటవలనను, పొడుచుకొన్న గాయములవలనను అది ప్రాకును. ఇక్కడ నొక ముచ్చట చెప్పక ముందునకు పోబుద్ధి కాదు. 1931లో అమెరికాలోని వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయమున ఆలిస్ వుడ్‌రఫ్, ఎర్నెస్ట్ గుడ్‌పాశ్చర్ అనువారలు పొదుగుచున్న కోడిగుడ్డులోని పొరమీద ఈ కోడి మశూచి వైరసునే పెంచి చూపిరి. ఆ త్రోవనే తరువాత ఇన్‌ఫ్లుయెంజాకు, పచ్చజ్వరమునకు గుడ్లలో టీకాలు తయారైనవి. పెరటికోడి పొక్కులు మానవజాతికి ఇంత మేలు చేసియుండగా, ఆ కోడికి గుక్కెడు గంజి పోయుట మనకు భారము కారాదు.

ఇక పరిచర్య. అవ్వ మొదట పెట్టను తక్కినవానినుండి వేరుచేసి, గాలియాడు మూలను పొడి బూడిద పఱచి పెద్దగంప క్రింద నుంచెను. దాని నీటిముంత వేరు చేసెను. సాయంకాలము గంపమీద పలుచని పాతచీర కప్పెను. దోమలకు వేపాకు పొగ వేయుట మనవారి వాడుక. అది మనకు మంచిదే గాని, జబ్బుకోడిని పొగలో మ్రగ్గబెట్టుట తగదు. దాని ఊపిరితిత్తులు మన వానికంటె సుకుమారములు. చీరయే మేలు.

అరలీటరు నీటిని మరగించి, చిన్నచెంచాడు ఉప్పు వేసి, గోరువెచ్చగ చల్లార్చి, శుభ్రమైన గుడ్డతో ఉదయము సాయంకాలము కన్నులను తడిపెను. తడుపుటయే గాని పెరుకుట లేదు. ఈ యొక్క చోటనే చాలమంది తొందరపడుదురు. పక్కును గోటితో లాగినచో క్రింద నెత్తురు వచ్చును, పుండగును, కనుగ్రుడ్డే పోవచ్చును. పక్కుమీద కొబ్బరినూనెలో కలిపిన పసుపు, వేపాకు ముద్ద పలుచగ రాచెను. అది వైరసును చంపదు. పక్కును మెత్తపఱచును, ఈగలను దూరముంచును. అంతకుమించి దానిని పొగడుట యబద్ధమగును. రాలిన పక్కులను చీపురుతో పెరటిలోనికి ఊడ్వక ఏరి కాల్చెను. ఎండిన పక్కులో వైరసు నెలల తరబడి బ్రతికియుండును.

అన్నిటికంటె ముఖ్యమైనది మేత. పెట్టను పాతగుడ్డలో చుట్టి ఎడమచంక క్రింద ఇమిడ్చికొని, ముక్కు మూలను వ్రేలితో మెల్లగ నొక్కినచో నోరు తెఱచును. చిక్కని చోడియంబలిని, మెత్తగ నుడికిన నూకలను, నూరిన మునగాకుతో కలిపి శనగగింజంత ముద్దలుగ చేసి, ఒక్కొక్కటి నాలుకమీద పెట్టి, అది మ్రింగువఱకు ఆగి, మఱియొకటి పెట్టవలెను. నీరు మాత్రము గొంతులో పోయరాదు. నాలుక వెనుకనే ఊపిరిగొట్టపు ద్వారమున్నది. దయతో పోసిన నీరే ప్రాణము తీయును. ముక్కుకొనను నీటిలో ముంచి తీసినచో కోడి తానే తలయెత్తి మ్రింగును. గ్రుడ్డిది యైనను ఆ విద్యను మఱువదు. దినమునకు నాలుగైదుమారులు ఇట్లు చేసి, రాత్రి మేతసంచి తడిమి చూడవలెను. వేకువను అది ఖాళీయైనచో అరుగుచున్నదని యర్థము. గట్టిగ ముద్దవలె నిలిచియున్నచో ఆ పూట నీరు మాత్రమే చాలును.

మొదటి రెండుదినములు కోడలు దూరముననే యుండెను. మూడవనాడు అవ్వ కూలికి పోయి ఆలస్యముగ వచ్చుసరికి కోడలి చంకలో పెట్ట యున్నది; నూకలముద్ద సగము కొంగుమీద, సగము పెట్టనోట నున్నది. ఇరువురును ఏమియు ననుకొనలేదు.

అంతయు శుభమే జరిగినదనరాదు. పిల్లలకు గూడ పొక్కులు వచ్చినవి. ఇరుగుపొరుగు కోళ్లకు టీకా వేయుటకు పశువైద్యశాల సిబ్బంది వచ్చిరి. రెక్కపొరలో రెండు మొనల సూదితో పొడుచు టీకా యది. వారమునుండి పదిదినములలో పొడిచినచోట చిన్నపొక్కు లేచినచో టీకా పట్టినదని గుర్తు. ఈ రోగము మెల్లగ ప్రాకునది గనుక, వాడలో కనబడిన పిదపనైనను ఆరోగ్యముగ నున్నవానికి వేయించుట వృథ కాదు. కాని అవ్వ పిల్లలకు అప్పటికే సోకినది. ఏడింటిలో మూడు చచ్చినవి. వానిలో నొకటి గొంతులో పొరగట్టి, మనుమని అరచేతిలోనే ప్రాణము విడిచెను. పిల్లవాడు ఆనాడు బడికి పోలేదు. మూటిని పెరటిచివర లోతుగ గోయి తీసి సున్నము చల్లి పూడ్చిరి.

పదునాఱవ దినమున పెట్ట కుడికంటి పక్కు దానంతట రాలినది. క్రింద కన్ను ఎఱ్ఱగ నీరు కారుచు నుండెను గాని చూపున్నది. అవ్వ చేతిలోని ముద్దను అది తానే పొడిచెను. గురితప్పి అవ్వ వ్రేలిని గూడ పొడిచెను. ఎడమకన్ను తెఱవలేదు. ఇంక తెఱవదు. నెల దాటిన పిమ్మట జుట్టు మరల ఎఱ్ఱబడినది. ఒకమారు మశూచి వచ్చి మానిన కోడికి అది మరల సాధారణముగ రాదు. గ్రంథాలయపు పుస్తకము గడువు దాటి ఇరువది దినములైనను గ్రంథపాలకుడు రుసుము అడుగలేదట; పుటలమధ్య చోడియంబలి మరక చూచి ఊరకుండెనట.

సంక్రాంతి ముందు పెట్ట మరల గుడ్డు పెట్టెను. బేరగాడు సైకిలు దిగి, పెరటిలో తల ఓరగ త్రిప్పికొని గింజలేరుకొనుచున్న పెట్టను చూచి, "అవ్వా, ఇది ఆ కోడేనా?" అని యడిగెను. అవ్వ బదులు చెప్పక చాటలోని నూకలు పిడికెడు తీసి, పెట్టకు కనబడునట్లు కుడిప్రక్కకు చల్లెను.