ఇంటికి వచ్చే తనిఖీ

ఇంగ్లండులో ఎనిమిదేళ్ల లోపు పిల్లలను సాధారణంగా తన ఇంట్లో, రోజుకు రెండు గంటలకు మించి, రుసుము తీసుకుని చూసుకునే వ్యక్తిని చైల్డ్‌మైండర్ అంటారు. అటువంటివారు ప్రభుత్వ తనిఖీ సంస్థ అయిన ఆఫ్‌స్టెడ్ వద్ద గానీ, అది గుర్తించిన ఏజెన్సీ వద్ద గానీ నమోదు కావలసి ఉంటుంది.

బడిలో తనిఖీ జరిగితే బదులు చెప్పడానికి పలువురు ఉంటారు. సాధారణంగా ఒంటరిగా పనిచేసే చైల్డ్‌మైండర్ మాత్రం పసివాళ్లకు అన్నం పెడుతూ, వారిని ఆడిస్తూనే ప్రశ్నలకూ జవాబివ్వాలి. ఆ ఒత్తిడిని తేలికగా తీసుకోవడం అన్యాయం.

తనిఖీ అధికారి ప్రధానంగా చూసేది కాగితాలను కాదు, పిల్లలతో సాగే వ్యవహారాన్ని. రెండేళ్ల పాప చెక్కదిమ్మెలు పేరుస్తున్నప్పుడు పక్కన కూర్చున్న చైల్డ్‌మైండర్ ఆమె మాటకు మాట కలుపుతున్నారా, ఆమె తగిన మాట వెతుక్కునేదాకా ఆగుతున్నారా అన్నది గమనిస్తారు. బిడ్డ ఒంటిమీద అనుమానాస్పదమైన గాయం కనిపిస్తే ఎవరికి తెలియజేస్తారని అడుగుతారు. అలా తెలియజేయడం బాలల రక్షణ బాధ్యతలో భాగం. పసిపిల్లలకు చేసే ప్రథమ చికిత్సలో శిక్షణ పొందినట్లు ధ్రువపత్రం కూడా చూపాలి. దానిని మూడేళ్లకొకసారి పునరుద్ధరించుకోవాలి.

చిన్నపిల్లల సంరక్షణ ప్రమాణాలను 2021లో సవరించినప్పుడు అనవసరమైన రాతపనిని తగ్గించడం కూడా ఒక లక్ష్యమైంది. అందుచేత తనిఖీ కోసం ప్రత్యేకంగా ఫైళ్లు నింపనవసరం లేదు. ఆఫ్‌స్టెడ్ వద్ద నమోదైనవారి తనిఖీ నివేదిక ఆ సంస్థ వెబ్‌సైటులో అందరికీ అందుబాటులో ఉంటుంది కనుక, ఇంగ్లండులో ఉద్యోగాలు చేసుకుంటున్న తెలుగు దంపతులు బిడ్డను అప్పగించే ముందే దానిని చదువుకోవచ్చు.