పడుగు సిద్ధమయ్యేదాకా: అఫిలియేట్ మార్కెటింగ్‌లో తొలి ఆరు నెలలు
(షోలాపూర్ తూర్పు భాగంలోని తెలుగు కుటుంబాల కోసం సిద్ధపరచిన ఉపన్యాస పాఠం)



షోలాపూర్ దుప్పటి పేరు వినని తెలుగు ఇల్లు అరుదు. మగ్గాన్ని నమ్ముకొని తెలంగాణ పల్లెల నుంచి తరలివచ్చిన పద్మశాలి కుటుంబాలు ఈ నగరపు తూర్పు భాగంలో తరతరాలుగా స్థిరపడి ఉన్నాయి. 1877లో వెలసిన పాత మిల్లు, జనం నోట జూనీ గిరణి, ఎన్నో ఇళ్లకు అన్నం పెట్టి కాలగర్భంలో కలిసిపోయింది. మిల్లుతో పాటు చేతిమగ్గం, దాని తరువాత మరమగ్గం. మగవారు మగ్గం దగ్గర, ఆడవారు బీడీల చేట ముందు. ఇప్పుడు ఆ చేట పక్కనే సెల్‌ఫోన్ కూడా చేరింది. ఆ ఫోన్‌లో ప్రతిదినం వినిపించే ఒక మాటను గురించే ఈ ప్రసంగం. ఆ మాట అఫిలియేట్ మార్కెటింగ్. ఇంట్లో కూర్చొని లక్షలు గడించవచ్చునని ఒకరు, అంతా మోసమని మరొకరు చెబుతున్నారు. ఇద్దరి మాటలోనూ తొందరపాటు ఉన్నది.

ఆ పేరు కొత్తదే గాని పని కొత్తది కాదు. ఒక వస్తువును గురించి పదిమందికి చెప్పి, అది దొరికే అంగడికి దారి చూపి, ఆ దారిన వెళ్లినవారు కొన్నప్పుడు అంగడివారి నుంచి కమీషన్ పుచ్చుకోవడమే ఇందులోని వ్యవహారం. నూలు దళారులను, అడితి దుకాణాలను, బీమా ఏజెంట్లను ఎరిగిన ఊరికి దీనిని వివరించడం కష్టం కాదు. దళారి స్వయంగా వెంటబెట్టుకొని వెళ్లే చోట ఇక్కడ లింకు ఉంటుంది. చూపినవారి గుర్తు ఆ లింకులో ఇమిడి ఉంటుంది. ఆ గుర్తును బట్టి కంపెనీ లెక్క కడుతుంది. అమెరికాలో అమెజాన్ సంస్థ 1996 జూలైలో తన అసోసియేట్స్ పథకాన్ని ఆరంభించిన తరువాత ఈ పద్ధతి లోకమంతటా వ్యాపించింది. సరుకు కొని నిల్వ చేయనవసరం లేదు, పెట్టుబడి లేదు, అప్పు పుట్టించే పని లేదు. ఆకర్షణ అంతా ఇక్కడే ఉన్నది. అయితే పెట్టుబడి లేదన్న మాట డబ్బుకు మాత్రమే వర్తిస్తుంది. కాలం విషయంలో అది అబద్ధం.

తూర్పు భాగంలో ఒక ఇల్లాలు ఉన్నదనుకుందాము. భర్త పనిచేసే మరమగ్గాల కార్ఖానాలో వారానికి మూడు రోజులే పని దొరుకుతున్నది. ఆమె బీడీలు చుడుతుంది. వెయ్యికి ఇంత అన్న కూలి తక్కువదే అయినా లెక్క తప్పదు. ఒక సాయంత్రం ఆమె అఫిలియేట్ ఖాతా తెరిచి, ఇరవై లింకులు తీసి, చుట్టాలందరికీ పంపింది. మేనత్త కూతురు ఒక మిక్సీ కొన్నది. ఆ సంతోషంలో ఆమె రెండు రోజులు చేట ముట్టలేదు. ఆ తరువాత నెలన్నర గడిచినా ఒక్క కొనుగోలు కూడా లేదు.

ఆమె సోమరి కాదు, తెలివి తక్కువదీ కాదు. ఆమెకు ఎవరూ చెప్పని సంగతులు కొన్ని ఉన్నాయి. తన లింకు ద్వారా తానే కొనుక్కుంటే కమీషన్ రాదు. బంధుమిత్రులను పురమాయించి కొనిపించడాన్ని కూడా ఇటువంటి ఒప్పందాలు అంగీకరించవు. ఖాతా తెరిచేటప్పుడు తెలిపిన పేజీలలో, చానళ్లలోనే లింకులు ఉంచవలసి ఉంటుంది. అమెజాన్ పథకంలో లింకు నొక్కిన తరువాత సాధారణంగా ఇరవైనాలుగు గంటల లోపు జరిగిన కొనుగోలుకే గుర్తింపు. ఈరోజు చూసి, ఇంటాయనను అడిగి, వచ్చే ఆదివారం నేరుగా వెళ్లి కొన్నవారి లెక్క ఆమె ఖాతాలో పడదు. తొలి నూట ఎనభై రోజులలో కనీసం మూడు అర్హమైన అమ్మకాలు జరగకపోతే ఖాతా మూసివేస్తారు. ఈ నిబంధనలన్నీ ఒప్పందంలో రాసి ఉన్నవే. అయితే ఆ ఒప్పందం ఆంగ్లంలో ఉన్నది, పొడవైనది, చదవకుండానే అంగీకరించే వీలున్నది.

ఇక లెక్క. ఇది ఊహాలెక్కే అయినా మోసం చేయని లెక్క. వెయ్యిమంది ఒక వీడియో చూశారనుకుంటే, అందులో యాభైమంది లింకు నొక్కుతారనుకోవచ్చు. ఆ యాభైమందిలో ఒక్కరు కొంటే మంచిదే. కొన్నది ఆరువందల రూపాయల తువ్వాళ్ల జత, కమీషన్ నూటికి అయిదు. అంటే వెయ్యిమందికి చెప్పినందుకు ముప్పై రూపాయలు. కొన్నవారు రంగు నచ్చక తిప్పి పంపితే ఆ ముప్పై కూడా పోతుంది. ఉన్నా వెంటనే రాదు. నెల ముగిసిన తరువాత సుమారు అరవై రోజులకు చెల్లింపు. కనీస మొత్తానికి చేరకపోతే మరుసటి నెలకు వాయిదా. జూన్‌లో జరిగిన అమ్మకానికి ఆగస్టు చివర గాని సొమ్ము రాదు. అప్పటికి నారళీ పౌర్ణమి నాటి మార్కండేయ రథోత్సవం చాలాసార్లు అయిపోయే ఉంటుంది. పండుగ ఖర్చుకు ఈ డబ్బును నమ్ముకోరాదని దీని భావం. సెల్‌ఫోన్ల వంటి ఖరీదైన సరుకు మీద పెద్ద మొత్తం వస్తుందని కొత్తవారు ఆశపడతారు. సాధారణంగా కమీషన్ శాతం అటువంటి వాటి మీదనే చాలా తక్కువ.

కనుక ఆ ఇల్లాలు చేట దించరాదు. ఈ ఒక్క మాట కోసమే ఈ ప్రసంగం ఏర్పాటయినా సార్థకమే. అఫిలియేట్ పనికి రోజుకు గంట, గంటన్నర కేటాయించి, బీడీల కూలిని యథాతథంగా నిలుపుకున్న ఇంటికి ఆరు నెలల ఎదురుచూపు భారం కాదు. చేట పక్కన పెట్టినవారికి మాత్రం మూడో నెలలోనే కిరాణా బాకీ ఎదురవుతుంది. అప్పుడు ఆ పని మీద కోపం వస్తుంది, ఇంట్లో మాటలు పెరుగుతాయి. కొత్తవారు వెనుదిరగడానికి నైపుణ్యం లేకపోవడం కన్నా ఇదే తరచైన కారణం.

మగ్గం ఎరిగిన కుటుంబాలకు ఓపికను నేర్పవలసిన పని లేదు. నూలు తెచ్చిన రోజే బట్ట దిగదు. పడుగు పోయాలి, గంజి పెట్టాలి, పోగు పోగునా అచ్చు అతకాలి, కండెలు చుట్టాలి. అన్నీ అయిన తరువాతనే నాడె కదులుతుంది. ఆ రోజులలో ఎవరూ మగ్గాన్ని నిందించరు. అయితే పడుగులో పోగు తప్పితే ఎంత ఓపికగా నేసినా గుడ్డలో గీత పడుతుంది. ఆ ఇల్లాలు ఆరు నెలలు ఇరవై లింకులను చుట్టాలకు పంపుతూ ఉండిపోతే దాన్ని పట్టుదల అనరు.

ఆమె దగ్గర ఉన్న నూలు ఏది? గుడ్డను గురించిన జ్ఞానం. ఏ తువ్వాలు రెండు ఉతుకులకు గరుకెక్కుతుందో, ఏ రంగు దిగుతుందో, కౌంట్ పెరిగిన కొద్దీ నూలు సన్నబడుతుందని, బరువును బట్టి నేత దట్టమో పలుచనో తెలుస్తుందని ఆమెకు చిన్ననాటి నుంచి తెలుసు. షోలాపూర్ చద్దరుకు భౌగోళిక గుర్తింపు ఉన్నది. అయినా వేరే చోట తయారైన సరుకు అదే పేరుతో బజారులో తిరుగుతున్నది. అసలైన చద్దరును అంచు, బరువు, తిరగవేసినప్పుడు కనిపించే నేత చూసి ఎలా పోల్చుకోవాలో మూడు నిమిషాలలో చూపగలిగినవారు ఈ వీధులలో ఎందరో ఉన్నారు. పెద్ద పట్టణాల యువకులు అద్దె స్టూడియోలో కూర్చొని పదిరకాల ఫోన్ల పేర్లు వల్లించే వీడియోలకు లేని బలం ఇది. ఆమె మాట తెలంగాణ యాస మీద మరాఠీ పదాలు అద్దుకున్న షోలాపూర్ తెలుగు. దానిని దిద్దుకోవాలని కొందరు సలహా ఇస్తారు. ఆ సలహా వినకపోవడమే మేలు. భివండీలోనో, ముంబయిలోనో ఉన్న తెలుగువారికి ఆ మాట ఇంటి మాట.

చుట్టాల గుంపులో పంపిన లింకు సాయంత్రానికి వంద శుభోదయాల కింద మరుగున పడుతుంది. చద్దరు ఎంపికను గురించి చేసిన మంచి వీడియో మాత్రం ఏ చలికాలంలోనో, ఏ పెళ్లి సారె కొనే వేళనో వెదికినవారికి మళ్లీ కనిపిస్తుంది. వారానికి ఒకటి చొప్పున ఆరు నెలలకు పాతిక వీడియోలు. మొదటి అయిదు బాగుండవు. గొంతు వణుకుతుంది, వెలుతురు చాలదు, ఎదురింటి మరమగ్గం చప్పుడు మాటను మింగుతుంది. అవి అలాగే ఉండనివ్వవచ్చు. చూసినవారు ఏమి అడిగారో నోటు పుస్తకంలో రాసుకుంటే తరువాతి వీడియోకు విషయం దొరుకుతుంది. చూసినవారి సంఖ్య, లింకు నొక్కినవారి సంఖ్య, కొన్నవారి సంఖ్య అన్న మూడు గడులు ఆ పుస్తకంలో ఉండాలి. చూసినవారే లేకపోతే విషయం మార్చాలి. చూసి కూడా నొక్కకపోతే మాటలో నమ్మకం కుదరలేదని అర్థం. నొక్కి కొనకపోతే వస్తువో, ధరో తగినది కాదు. ఏ లోపమో తెలియకుండా పడే శ్రమే మనిషిని కుంగదీస్తుంది.

నమ్మకం అన్నచోట చట్టం కూడా ప్రవేశిస్తుంది. వస్తువును మెచ్చుకున్నందుకు ప్రతిఫలం అందే సందర్భంలో ఆ సంగతిని స్పష్టంగా, కంటపడేలా తెలపాలని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 జనవరిలో మార్గదర్శకాలు ప్రకటించింది. వీడియోలో అయితే రాతలోనూ మాటలోనూ చెప్పాలి. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం తప్పుదోవ పట్టించే ప్రచారానికి పది లక్షల రూపాయల వరకు, మళ్లీ చేస్తే యాభై లక్షల వరకు జరిమానా విధించే అధికారం ఉన్నది. వాడని వస్తువును వాడానని చెప్పడం చిన్న అబద్ధమని కొత్తవారు భావిస్తారు. “ఈ లింకు ద్వారా కొంటే నాకు కొంత కమీషన్ వస్తుంది, మీకు ధర పెరగదు” అని తెలుగులోనే ఒక్క వాక్యం చెబితే సరిపోతుంది. తెలుగులో మెచ్చుకొని, వెల్లడింపును మాత్రం ఆంగ్లంలో మూలన రాయడం న్యాయం కాదు. నిజానికి ఈ వాక్యం విన్న తరువాత కొనేవారు తగ్గుతారన్న భయం అక్కరలేదు. దళారికి ఎంత ముడుతుందో తెలిసిన బేరమే షోలాపూర్ నూలు బజారుకు అలవాటు.

పన్నును గురించి రెండు మాటలు. కమీషన్ మీద మూలంలోనే కోసే పన్ను 2024 అక్టోబరు నుంచి నూటికి రెండుగా తగ్గింది. 2025 ఏప్రిల్ నుంచి ఏడాదికి ఇరవైవేలు దాటితేనే ఆ కోత. పాన్ ఇవ్వకపోతే నూటికి ఇరవై కోస్తారు. కనుక పాన్, బ్యాంకు ఖాతా ఒకే పేరున, ఒకే అక్షరక్రమంలో ఉండేట్లు ముందే చూసుకోవాలి. మరాఠీ పద్ధతిలో ఒక చోట, తెలుగు పద్ధతిలో మరొక చోట ఇంటిపేరు రాయించుకున్న కుటుంబాలు ఇక్కడ తక్కువేమీ కావు.

అన్నింటికన్నా పెద్ద ప్రమాదం ఈ పని పేరు పెట్టుకొని తిరిగే మోసం. అసలైన అఫిలియేట్ ఖాతాకు చేరిక రుసుము ఉండదు. టెలిగ్రామ్‌లోనో వాట్సాప్‌లోనో పరిచయమై, వీడియోలకు లైకులు కొట్టిస్తూ మొదట నూటయాభై రూపాయలు నిజంగానే పంపి, తరువాత పెద్ద పని కోసం అయిదువేలు, ఇరక్కున్న సొమ్ము విడిపించడానికి యాభైవేలు కట్టమనేవారు దొంగలు. పదిమందిని చేర్చితే ఆదాయమనేది కూడా ఈ వృత్తి కాదు. ప్రత్యక్ష విక్రయాల పేరిట పిరమిడ్ పథకాలు నడపడాన్ని 2021 నాటి నియమాలు నిషేధించాయి. డబ్బు చలామణీ పథకాల మీద 1978 నుంచే నిషేధం ఉన్నది. వేలకు వేలు పోసి శిక్షణ తరగతులు కొనడాన్ని నేరమనలేము గాని, తొలి ముప్పై రూపాయలు రాకముందే పదివేలు ఖర్చు పెట్టడం లెక్కకు నిలవదు. ఇక్కడ పట్టుదల అన్న గుణాన్నే దొంగలు ఆయుధం చేసుకుంటారు. “ఇంతదాకా వచ్చి మానుకుంటారా?” అన్న మాట డబ్బు కట్టమని అడిగేవారి నోట వస్తే అక్కడే ఆగాలి. డబ్బు పోయిన వెంటనే 1930 నంబరుకు ఫోన్ చేయాలి. ఆలస్యమైన కొద్దీ ఆ సొమ్ము ఖాతాలు మారిపోతుంది. పరువు పోతుందని ఇంట్లో దాచిపెట్టిన రెండు రోజులే చాలామందికి డబ్బు దక్కకుండా చేస్తాయి.

ఆ ఇల్లాలి నోటు పుస్తకం సంగతి. నూట ఎనభై రోజులు ముగిసేసరికి పుస్తకంలో అర్హమైన అమ్మకాలు రెండే కనిపించాయనుకుందాము. మూడవది తిప్పి పంపినది. ఖాతా మూసివేస్తూ కంపెనీ నుంచి సందేశం వస్తుంది. ఆరు నెలల శ్రమ ఒక్క ఈమెయిలుతో ముగిసిందని ఆమె అనుకోవడం సహజమే. కాని మూతపడింది ఖాతా మాత్రమే. ఇరవైరెండు వీడియోలు, వాటి కింద జనం అడిగిన ప్రశ్నలు అలాగే ఉన్నాయి. మళ్లీ దరఖాస్తు చేసుకోవచ్చు. కొత్త ఖాతా వచ్చాక పాత వీడియోల కింది లింకులన్నీ మార్చవలసి ఉంటుంది. అది ఒక ఆదివారపు పని. ఆ ఆదివారం సంగతి ఆమె భర్తకు కూడా తెలిసి ఉండాలి. కార్ఖానా సెలవు నాడు తువ్వాలును తూకం మీద పెట్టి చూపడానికి, ఫోన్ కదలకుండా పట్టుకోవడానికి రెండో మనిషి కావాలి. ఎదురింటి మరమగ్గం ఆగేది కూడా ఆ రోజునే.