ఒక చిన్న పాత్ర, ఒక బీమా నిబంధన
(కార్యకర్తల శిక్షణ శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



శ్రామిక స్త్రీల ఆరోగ్య హక్కు గురించి మాట్లాడమన్నారు. నేను ఒక అమెరికన్ టీవీ డిటెక్టివ్ సీరియల్‌తో మొదలుపెడుతున్నాను. దీనికీ దానికీ సంబంధమేమిటో మీకే తెలుస్తుంది.

'మర్డర్, షి రోట్' సీరియల్ 1984 నుంచి 1996 దాకా 264 ఎపిసోడ్లు వచ్చింది. అందులో నేరాలు ఛేదించేది జెస్సికా ఫ్లెచర్. భర్త పోయిన స్త్రీ, రిటైరైన ఇంగ్లీషు టీచరు, రచయిత్రి. ఆ పాత్ర వేసిన ఏంజెలా లాన్స్‌బరీకి సీరియల్ మొదలైనప్పుడు 58 ఏళ్లు. ఆ వయసు స్త్రీని కథానాయికగా పెట్టడమే ఆ రోజుల్లో విశేషం.

నేను చెప్పదలచింది ఆమె గురించి కాదు. అందులో అప్పుడప్పుడూ ఒక లైబ్రేరియన్ కనిపిస్తుంది. చక్రాల కుర్చీలో కూర్చుని పని చేసుకుంటూ ఉంటుంది. ఆమె మాడ్లిన్ రూ. 1967లో 'స్టార్ ట్రెక్'లో నటించింది. ఎన్నో సీరియళ్లలో సహాయ పాత్రలు వేసింది. 1977లో ఆమెకు మల్టిపుల్ స్క్లెరోసిస్ అని తేలింది. నరాల వ్యవస్థను దెబ్బతీసే జబ్బు అది. నడక పోయింది, అవకాశాలు తగ్గాయి.

నటుల సంఘం ద్వారా వచ్చే వైద్య బీమా నిలవాలంటే ఏడాదిలో ఇంత అని సంపాదించి తీరాలి. జబ్బు చేస్తే పని దొరకదు. పని లేకపోతే బీమా ఉండదు. అంటే వైద్యం అవసరమైన నాడే బీమా చేజారిపోతుంది. రూ పరిస్థితి తెలిసి లాన్స్‌బరీ ఆమె కోసం ఆ లైబ్రేరియన్ పాత్ర పెట్టించింది. దానం ఇవ్వలేదు, పని ఇచ్చింది. అది నాకు చాలా నచ్చింది. రూ 2003లో చనిపోయింది.

అయితే లాన్స్‌బరీ లాంటి స్నేహితురాలు లేని నటి సంగతేమిటి? ఆ నిబంధన పోలేదు. 2021లో ఆ బీమాకు కావలసిన ఏడాది సంపాదనను 25,950 డాలర్లకు పెంచారు.

నా సంగతీ చెప్పాలి. ఒకసారి జబ్బుపడిన ఒక కార్మికురాలికి పనిదినాలు చాలక సెలవు భత్యం రాలేదు. నేను తెలిసిన అధికారిని బతిమాలి ఇప్పించాను. అందరూ మెచ్చుకున్నారు, నేనూ పొంగిపోయాను. నెల తిరక్కముందే అదే షెడ్డులో పనిచేసే ఇంకొకామె అదే కష్టంతో వచ్చింది. అప్పటికి ఆ అధికారి బదిలీ అయిపోయాడు. ఆమె చేతిలో కాగితాలు పట్టుకుని, "మరి ఆమెకు ఎట్లా వచ్చిందమ్మా?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

సాయం చేయడం మానమని నేననడం లేదు. ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఎవరి కాళ్లయినా పట్టుకుంటాం. కానీ ఆ పని అయిపోగానే మన ఫైలు మూసేస్తున్నాం. ఇకమీదట ప్రతి కేసు దగ్గరా, ఆమెను బయటికి నెట్టిన నిబంధన ఏదో కూడా రాసిపెడదాం. పది మంది పేర్ల పక్కన అదే నిబంధన కనబడితే, అప్పుడు అధికారిని బతిమాలడానికి ఒక్కరం కాదు, ఆ నిబంధన మార్చమని అడగడానికి పది మందిమీ కలిసి వెళదాం.