ఒకటి రెండుగా కనపడినపుడు
(సంఘ వార్షిక సమావేశములో చేసిన ప్రసంగ పాఠము)



మేము వైద్యులము కాము. ఉర్దూ మీడియం బడిలో పిల్లలకు నాలుగక్షరాలు చెప్పుకునే వాళ్ళము. అయినా ఒక వైద్య పదమును గురించి మాట్లాడతామని కార్యదర్శిగారిని అడిగి మరీ ఈ పది నిమిషాలు తీసుకున్నాము. ఆ పదము 'డిప్లోపియా'. ఎందుకు అడిగామో చివరకు మీకే తెలుస్తుంది.

గ్రీకు భాషలో 'డిప్లూస్' అంటే రెట్టింపు, 'ఓప్స్' అంటే కన్ను. ఒక వస్తువు రెండుగా కనపడటమే డిప్లోపియా. తెలుగులో ద్విదృష్టి అని వ్రాస్తారు. మన ఫార్సీ, ఉర్దూలలో అటువంటి వాణ్ణి 'అహ్‌వల్' అన్నారు. మౌలానా రూమీ మస్నవీలో ఒక అహ్‌వల్ శిష్యుని కథ ఉన్నది. లోపలున్న సీసా తెమ్మని ఉస్తాదు పంపితే, రెండు ఉన్నాయి, ఏది తేవాలని అడుగుతాడు. ఒకటి పగలగొట్టమంటే పగలగొడతాడు, రెండూ పోతాయి. అక్కడ అది కోపముతో, కోరికతో చూపు చెడిన మనిషికి పోలిక. వైద్యములో మాత్రం అది పోలిక కాదు, శరీరము ఇచ్చే కబురు.

అహ్‌వల్ అనే మాటను మెల్లకన్నుకు కూడా వాడుతారు. ఇక్కడే పొరపాటు వస్తుంది. పసితనము నుండి మెల్లకన్ను ఉన్న పిల్లలకు సాధారణంగా రెండుగా కనపడదు. మెదడు ఒక కంటి చూపును పట్టించుకోవటం మానేస్తుంది. క్రమంగా ఆ కన్ను మందగిస్తుంది. మెల్లకన్ను అదృష్టమని చెప్పి ఊరుకోవటం ఆ కంటికి అన్యాయము చేయటమే. చిన్నతనములోనే చూపించాలి.

రెండుగా కనపడటమంతా జబ్బు కూడా కాదు. ముక్కుకు ఎదురుగా వేలు నిలిపి, దూరముగా గోడను చూడండి. వేలు రెండు వేళ్ళవుతుంది. అది అందరికీ సహజమే. బస్రాలో పుట్టి కైరోలో పనిచేసిన ఇబ్నుల్ హైసమ్, 11వ శతాబ్దములో 'కితాబుల్ మనాజిర్' అనే గ్రంథము వ్రాశారు. రెండు కళ్ళకు వస్తువు ఎప్పుడు ఒకటిగా, ఎప్పుడు రెండుగా కనపడుతుందో ఒక పలకతో ప్రయోగము చేసి చూశారు. కనుక ఈ విషయము మనకు పరాయిది కాదు.

ఇక డాక్టరు చీటీ మీద డిప్లోపియా అని వ్రాస్తే అది జబ్బు పేరనుకోకండి. జ్వరము వంటిదే ఇదీ, లక్షణము పేరు. దానికి కారణము వేరే ఉంటుంది. డాక్టరు మొదట ఒక కన్ను మూయిస్తారు, తరువాత రెండోది. ఏ కన్ను మూసినా రెండు ఒకటైపోతే, రెండు కళ్ళూ ఒకే దిక్కుకు సరిగా తిరగటం లేదన్న మాట. ఒక్క కంటితో చూసినా రెండుగానే ఉంటే ఆ కంటిలోనే దోషము. శుక్లము కావచ్చు, సైటు కావచ్చు.

ఒక్కొక్క కంటిని తిప్పటానికి ఆరు కండరాలు, వాటిని నడపటానికి మూడు నరాలు ఉన్నాయి. షుగరు, బ్లడ్ ప్రెషరు వల్ల ఆ నరాలకు రక్తము అందక ఉన్నట్టుండి రెండుగా కనపడవచ్చు. అటువంటిది చాలా మందికి సుమారు మూడు నెలలలో సర్దుకుంటుంది. కాని అదే ఇది అని తేల్చవలసినది డాక్టరే, మనము కాదు. దానితో పాటు రెప్ప వాలినా, కంటిపాప పెద్దదైనా, విపరీతమైన తలనొప్పి వచ్చినా, మాట తడబడినా, చెయ్యి లాగినా ఆ గంటలోనే పెద్దాసుపత్రికి పరుగెత్తాలి.

మనవాళ్ళు డాక్టరు దగ్గర కూర్చుని "నజర్ ఖరాబ్ హోగయీ" అంటారు, లేక కళ్ళు తిరుగుతున్నాయంటారు. మసక వేరు, తల తిరుగుడు వేరు, రెండుగా కనపడటం వేరు. మాట తప్పితే వైద్యము దారి తప్పుతుంది. పక్కపక్కన కనపడుతున్నాయా, ఒకదాని మీద ఒకటా, ఏ వేళ ఎక్కువ అన్నది చెప్పండి.

ఏ వేళ అన్న మాట మేము ఊరకే అనలేదు. మా తరగతిలో ఒక పిల్లవాడు ఉండేవాడు. మధ్యాహ్నము పాఠము చదవమంటే పంక్తి తప్పేవాడు, రెప్పలు వాల్చేవాడు. నిద్రపోతున్నావని బెంచీ ఎక్కించాము. "సర్, దోపహర్ కే బాద్ హర్ఫాఁ దో దో దిఖ్‌తైఁ" అన్నాడు. పొద్దున లేని జబ్బు మధ్యాహ్నము ఎలా వచ్చిందని మందలించాము. పిల్లలంతా నవ్వారు. ఆ తరువాత వాడు ఏమీ చెప్పటం మానేశాడు.

కొన్ని నెలలకు వాడికి అన్నము మింగటం కష్టమైతే తల్లి పట్నము తీసుకుపోయింది. మయస్థీనియా గ్రేవిస్ అన్నారు. నరము పంపే కబురు కండరానికి సరిగా అందని జబ్బు. వాడిన కొద్దీ కండరము అలసిపోతుంది, విశ్రాంతితో తేరుకుంటుంది. అందుకే పొద్దున బాగుండి, పొద్దు తిరిగితే రెండు. ఏ మాటను మేము అబద్ధానికి రుజువుగా తీసుకున్నామో, అదే మాటను డాక్టరు జబ్బుకు రుజువుగా తీసుకున్నారు. అల్లాహ్ దయ వల్ల మందులతో కుదుటపడి మళ్ళీ బడికి వచ్చాడు. వాడి ముందు, తల్లి ముందు మేము మాఫీ అడిగాము. కాని ఆ నెలలను తిరిగి ఇవ్వలేకపోయాము.

కనుక పెద్దలకు మా విన్నపము ఒకటే. తావీజు కట్టించండి, దువా చేయించండి, కాదనము. దవాను మాత్రము ఆపకండి. ఉపాధ్యాయులకు మరొక మాట. పిల్లవాడు రెండు కనపడుతున్నాయంటే బెంచీ ఎక్కించకముందు ఒక కన్ను మూసి చూడమనండి. సంఘము వారు ఏటా మన బడులలో కంటి పరీక్ష శిబిరము ఒకటి పెడితే, పిల్లలను వరుసలో నిలబెట్టే పని మాది.

అహ్‌వల్ శిష్యునికి ఒక సీసా రెండుగా కనపడింది. మాకు ఎదురుగా నిలబడిన ఒక పిల్లవాడు కనపడలేదు. ఎవరి చూపు దోషమో మీరే చెప్పండి.