కన్సల్టెన్సీకి రెజ్యూమె ఇవ్వాలా, వద్దా?

(ధౌలా కువాన్‌లో జరిగిన ఢిల్లీ ప్రాంత తెలుగు సిబ్బంది కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

గుత్తివంకాయ కూర దింపేశారని వంటవాళ్ళ దగ్గర్నుంచి కబురొచ్చింది, అందుకని మిమ్మల్ని ఎక్కువసేపు కూర్చోబెట్టను.

పిల్లలు ఉద్యోగం వెతుక్కునేటప్పుడు కన్సల్టెన్సీ వాళ్ళని నమ్ముకోవచ్చా అన్న విషయం మీద నన్నే ఎందుకు మాట్లాడమన్నారో ఇక్కడ కొందరికి తెలుసు. రెండేళ్ళ కిందట మా అమ్మాయికి రావలసిన ఉద్యోగం ఒకటి నా చేతుల మీదుగా పోయింది. ఆ కథ చెప్పడానికి తనే ఒప్పుకుంది. "చెప్పండి నాన్నా, ఇంకో నాన్న ఆ పని చెయ్యకుండా ఉంటాడు" అంది.

మనలో యాభై దాటినవాళ్ళకి ఉద్యోగం వెతుక్కోవడమంటే ఏమిటో నిజానికి తెలియదు. బి.ఎస్.ఆర్.బి. ప్రకటన చూశాం, దరఖాస్తు పంపాం, పరీక్ష రాశాం, ఇంటర్వ్యూకి వెళ్ళాం. ఓ రోజు పోస్టుమాన్ కవరు తెచ్చాడు. ఆ ఒక్క కవరుతో రిటైర్మెంటు దాకా వచ్చేశాం. జీతం ఎంత కావాలని మనల్ని ఎవరూ అడగలేదు. అడిగితే ఏం చెప్పేవాళ్ళమో దేవుడికే తెలియాలి. అలాంటి మనం ప్రైవేటు ఉద్యోగాల గురించి పిల్లలకి సలహాలిస్తుంటాం.

మా అమ్మాయి ఈ హాలుకి దగ్గర్లోనే ఉన్న శ్రీ వెంకటేశ్వర కళాశాలలో బి.కాం. చదివింది. తిరుమల తిరుపతి దేవస్థానం వాళ్ళు 1961లో ఢిల్లీలో పెట్టిన కాలేజీ అది. బదిలీ మీద ఇక్కడికొచ్చిన మనవాళ్ళ పిల్లలు ఎంతమంది అందులో చదివారో. పక్కనున్న మెట్రో స్టేషనుకి దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారి పేరు పెట్టారు. రాజమండ్రి ఆడపడుచు పేరు ఢిల్లీ మెట్రోలో వినిపిస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది. సరే, దారి తప్పుతున్నాను.

అమ్మాయి ఆరేళ్ళు ఫైనాన్సు విభాగంలో పనిచేసి, బాబు పుట్టాక మానేసింది. రెండేళ్ళు దాటాక మళ్ళీ వెతకడం మొదలుపెట్టింది. మొదటి రెండు నెలలూ ఎవరూ పిలవలేదు. రెజ్యూమెలో ఆ రెండేళ్ళ ఖాళీ చూసి పక్కన పడేస్తున్నారని తనకి అర్థమైంది. మాట తగ్గించేసింది. నాకు చూడబుద్ధి కాలేదు. ఒక రాత్రి తన రెజ్యూమె నా ఫోన్లో ఉంటే, మిత్రులిచ్చిన నంబర్లు పట్టుకుని నాలుగు కన్సల్టెన్సీలకి వాట్సాప్‌లో పంపేశాను. పెళ్ళి సంబంధాలకి నలుగురు మధ్యవర్తులకి చెప్పిపెడతాం కదా, అలాగే అనుకున్నాను. తనకి చెప్పలేదు. ఉద్యోగం వస్తే సంతోషిస్తుందిలే అనుకున్నాను.

సరిగ్గా అదే వారం తను ఒక రిక్రూటర్‌తో అరగంట మాట్లాడి, గుర్‌గావ్‌లోని ఒక కంపెనీకి పంపమని ఒప్పుకుంది. ఏడాదికి 18 లక్షలు అడిగింది. మొదటి రౌండు బాగా జరిగింది. రెండో రౌండుకి ఇదే ధౌలా కువాన్ ఫ్లైఓవర్ కింద నేనే దింపాను, అక్కణ్ణుంచి క్యాబ్‌లో వెళ్ళింది. సాయంత్రం నవ్వు ముఖంతో వచ్చింది. మూడో రోజు ఫోనొచ్చింది. తన రెజ్యూమె ఆ కంపెనీకి రెండు కన్సల్టెన్సీల నుంచి వచ్చిందట. రెండో దాంట్లో అడిగిన జీతం 14 లక్షలని ఉందట. ఆ అంకె తనూ చెప్పలేదు, నేనూ చెప్పలేదు. ఫీజు మాదంటే మాదని రెండు కన్సల్టెన్సీలూ మెయిళ్ళు పెట్టుకున్నాయి. ఈ తగువు మాకెందుకని కంపెనీ మా అమ్మాయి పేరే తీసేసింది.

వారం రోజులు తను నాతో మాట్లాడలేదు. మా ఆవిడ కూడా ముక్తసరిగానే మాట్లాడింది.

ఇరవై ఏళ్ళు లోన్లు చూసినవాణ్ణి, నాకు ఇది ముందే తట్టాల్సింది. ఒకే పార్టీ హోం లోన్ ఫైలు ఇద్దరు డి.ఎస్.ఎ.ల ద్వారా వస్తే కమీషన్ ఎవరికివ్వాలన్న తగువు మనందరం చూసిందే. ఒకాయన నెలలో నాలుగు బ్యాంకుల్లో అప్లై చేస్తే సిబిల్ రిపోర్టులో ఆ ఎంక్వైరీలన్నీ కనిపిస్తాయి, 'ఏమిటయ్యా ఇంత అవసరం' అని మనం కనుబొమలు ఎగరేస్తాం. కస్టమర్లకి అలా చెయ్యొద్దని చెప్పే నేనే కూతురి విషయంలో అదే చేశాను.

డి.ఎస్.ఎ. పోలిక ఇంకా కొంచెం పనికొస్తుంది. డి.ఎస్.ఎ. ఇంటికొచ్చి టీ తాగి 'సార్, మీ పని నాది' అంటాడు, కానీ అతనికి డబ్బిచ్చేది బ్యాంకు. రిక్రూటర్‌కి డబ్బిచ్చేది కంపెనీ. మన దగ్గర చాలాచోట్ల నడిచే లెక్క ఏడాది జీతంలో 8.33 శాతం, అంటే ఒక నెల జీతం. పెద్ద పోస్టులకి ఇంకా ఎక్కువుంటుంది. 18 లక్షల ఉద్యోగానికి మనిషిని చేరిస్తే దాదాపు లక్షన్నర. ఇప్పుడు మీ అమ్మాయి ఇంకో లక్ష ఎక్కువ అడగాలనుకుందనుకోండి. ఆ లక్ష వల్ల అతనికి వచ్చేది 8,330 రూపాయలు. బేరం చెడితే పోయేది లక్షన్నర. 'మేడమ్, ఇది మంచి ఆఫర్, ఒప్పేసుకోండి' అని అతను ఎందుకు తొందరపెడతాడో ఈ లెక్కలోనే ఉంది. అతను చెడ్డవాడని కాదు, అతని కూడు అక్కడుంది.

మనకి మేలు చేసేదీ ఆ లెక్కే. చేర్చిన మనిషి మూడు నెలల్లోపల మానేస్తే ఇంకొకర్ని ఊరికే చూసిపెట్టాలనో డబ్బు వెనక్కివ్వాలనో చాలా ఒప్పందాల్లో రాసుకుంటారు. అందుకని మంచి రిక్రూటర్ ఇమడని చోటికి మనిషిని తొయ్యడు. ఇల్లెక్కడ, బాబుని ఎవరు చూసుకుంటారు అని విసుగొచ్చేలా అడిగితే, అందుకే అడుగుతున్నాడని అనుకోవచ్చు.

ఇదే లెక్క కొత్తగా డిగ్రీ అయిన పిల్లలకి వేసి చూడండి. మూడు లక్షల ఉద్యోగానికి వచ్చేది పాతిక వేలు. కాలేజీలకే వెళ్ళి పిల్లల్ని తీసుకునే కంపెనీ ఆ పాతిక వేలు మాత్రం ఎందుకిస్తుంది? మరి ఫ్రెషర్లకి ఉద్యోగాలిప్పిస్తామని బోర్డు పెట్టుకున్నవాడికి డబ్బు ఎక్కణ్ణుంచి వస్తోంది? చాలాసార్లు ఆ పిల్లవాడి తండ్రి జేబులోంచి. రిజిస్ట్రేషన్ అనీ, ట్రైనింగ్ అనీ, బ్యాక్‌డోర్ అనీ పేర్లు మారతాయి. అందుకే నా అభిప్రాయం ఇది: చదువు ఇప్పుడే ముగిసిన పిల్లలు కన్సల్టెన్సీల చుట్టూ తిరగక్కర్లేదు. క్యాంపస్, సీనియర్లు, కంపెనీల సొంత వెబ్‌సైట్లు, కేంద్ర ప్రభుత్వం 2015లో మొదలుపెట్టిన నేషనల్ కెరీర్ సర్వీస్ పోర్టల్, ఇవి చూసుకుంటే చాలు. నాలుగైదేళ్ళ అనుభవం ఉండి, ఒక పనిలో చెయ్యి తిరిగినవాళ్ళకి రిక్రూటర్ నిజంగా ఉపయోగపడతాడు.

డబ్బు అడిగే సమయం కూడా వాళ్ళకి బాగా తెలుసు. ఎడ్యుకేషన్ లోన్‌కి కోర్సు అయ్యాక ఏడాది మారటోరియం, ఆ తర్వాత ఇ.ఎం.ఐ. ఆ ఏడాది ముగిసేవేళకి ఉద్యోగం లేని ఇంట్లో ఎవరేం చెప్పినా వింటారు. మా బ్రాంచికి ఒక కుర్రాడు వచ్చాడు. ఆఫర్ లెటర్ ఉంది, లోగో ఉంది. ల్యాప్‌టాప్ డిపాజిట్ అని 12,500 కట్టమన్నారు. కౌంటర్లో ఉన్న అమ్మాయి ఖాతా వివరాలు చూసి, "కంపెనీకి కట్టే డబ్బు ఒక వ్యక్తి సేవింగ్స్ ఖాతాలోకి ఎందుకు వెళ్తోంది తమ్ముడూ?" అని అడిగింది. వాడి దగ్గర జవాబు లేదు. లోపలికొచ్చి నా ఎదురుగా కూర్చుని ఏడ్చాడు. వాడి డబ్బు మిగిలింది. అప్పటికే కట్టేసినవాళ్ళు వెంటనే 1930కి ఫోన్ చెయ్యాలి. ఎంత తొందరగా చేస్తే ఆ డబ్బుని ఖాతాలో ఆపడానికి అంత వీలుంటుంది.

విదేశాల సంగతి వేరు. 1983 ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం గల్ఫ్ లాంటి చోట్లకి మనుషుల్ని పంపే ఏజెంటుకి ప్రొటెక్టర్ జనరల్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ దగ్గర రిజిస్ట్రేషన్ ఉండాలి. అభ్యర్థి దగ్గర సర్వీసు చార్జీగా 30,000 రూపాయలు, దానిమీద జి.ఎస్.టి., అంతకు మించి తీసుకోకూడదు, రసీదు ఇవ్వాలి. ఏజెంటు పేరు ఇ-మైగ్రేట్ పోర్టల్లో ఉందో లేదో చూసుకోవచ్చు. నిజామాబాద్ నుంచో, కడప నుంచో, కోనసీమ నుంచో మీ చుట్టాలు ఫోన్ చేసి 'లక్షన్నర అడుగుతున్నాడు' అంటే ఈ అంకె చెప్పండి. డేటా ఎంట్రీ అని తీసుకెళ్ళి కంబోడియాలో సైబర్ మోసాలు చేయించారని 2024లో విశాఖపట్నం పోలీసులు ఏజెంట్లని పట్టుకున్న సంగతి మీరు పేపర్లో చదివే ఉంటారు.

ఇక మన బ్యాంకు ఉద్యోగాల్లో మధ్యవర్తికి చోటే లేదు. 2011 నుంచీ ప్రభుత్వ రంగ బ్యాంకుల క్లర్కు, పి.ఓ. ఉద్యోగాలకి ఐ.బి.పి.ఎస్. ఉమ్మడి పరీక్షే. స్టేట్ బ్యాంకు తన పరీక్ష తను పెట్టుకుంటుంది. అయినా ప్రతి పెళ్ళిలోనూ ఎవరో ఒకరు నన్ను పక్కకి తీసుకెళ్ళి, "మీవాళ్ళలో ఎవరికైనా కొంచెం ముట్టజెప్తే..." అంటారు. మిమ్మల్నీ అంటారని తెలుసు.

మా అమ్మాయి దగ్గరికి వస్తాను. వారం తర్వాత తనే ఒక ఎక్సెల్ షీటు తెచ్చి చూపించింది. కంపెనీ పేరు, ఎవరి ద్వారా వెళ్ళింది, ఏ తేదీన, ఎంత అడిగింది, అంతే. ఇద్దరే రిక్రూటర్లని పెట్టుకుంది. కంపెనీ పేరు చెప్పకుండా రెజ్యూమె అడిగినవాళ్ళని వదిలేసింది. ప్రతి కంపెనీకీ విడివిడిగా 'మీరు పంపొచ్చు' అని మెయిల్ రాస్తే తప్ప పంపకూడదంది. అడిగే జీతం అంకె ఆ మెయిల్లోనే పెట్టేది. పాత సహోద్యోగులున్న కంపెనీలకి తనే నేరుగా రాసుకుంది, వాటి పేర్లు రిక్రూటర్లకి ముందే చెప్పేసింది. ఒరిజినల్ సర్టిఫికెట్లు అడిగిన ఒకాయనకి నమస్కారం పెట్టేసింది.

ఆ ఇద్దరిలో నోయిడా నుంచి మాట్లాడే ఆవిడ ఒకరు. బాబు కోసం తీసుకున్న రెండేళ్ళని దాచొద్దనీ, రెజ్యూమెలో ఒక వరుసగా రాసెయ్యమనీ ఆవిడే చెప్పింది. ఒక కంపెనీ గురించి, "అక్కడ ఏడాదిలో ముగ్గురు మేనేజర్లు మారారు, నేను పంపగలను కానీ మీరు ఆలోచించుకోండి" అంది. ఇలాంటి మాట ఏ వెబ్‌సైట్లోనూ దొరకదు. తన అనుభవానికి గుర్‌గావ్‌లో ఎంత ఇస్తున్నారో కూడా ఆవిడ దగ్గరే తెలిసింది.

నాలుగు నెలలకి ఉద్యోగం వచ్చింది. తీరా చూస్తే అది పాత సహోద్యోగి ద్వారా వచ్చింది. జీతం అడగడానికి మాత్రం నోయిడా ఆవిడ చెప్పిన అంకె పనికొచ్చింది. ఆవిడకి ఒక్క రూపాయి రాలేదు. మా అమ్మాయి ఫోన్ చేసి ఆ మాటే చెప్పి నొచ్చుకుంటే, "పర్లేదమ్మా, రేపు మీరు మనుషుల్ని తీసుకునేటప్పుడు నాకు ఫోన్ చెయ్యండి" అందట. మొన్న డిసెంబరులో మా అమ్మాయి వాళ్ళ టీంలో ఖాళీ వస్తే హెచ్.ఆర్. వాళ్ళకి ఆవిడ నంబరే ఇచ్చింది.

నిన్న రాత్రి మా మరదలి కొడుకు తన రెజ్యూమె నాకు వాట్సాప్ చేశాడు, 'పెదనాన్నా, ఎవరికైనా పంపండి' అని. ఇంకా ఎవరికీ పంపలేదు. ముందు వాడికి ఫోన్ చేసి, ఇప్పటిదాకా ఎక్కడెక్కడికి పంపాడో అడగాలి. ఇక లేవండి, కూర చల్లారిపోతోంది.